చెల్లి బిళ్ళలు

పది గంటల పది నిమిషాలకు టైమరు మీద ముప్ఫై నిమిషాలు పెట్టి, ట్యూబును ఐసులో నిలబెట్టి, ఆమె చలిగదిలో స్టూలు మీద కూర్చుంది. కూర్చోక తప్పదు. ట్యూబును నెమ్మదిగా ఊపే మిషను పోయిన నెలే మూలపడింది, రెండు నిమిషాలకోసారి ఐసులోంచి తీసి చేత్తో అటూ ఇటూ తిప్పి మళ్ళీ పెట్టాలి. చలిగది అంటే పేరుకు గదే గానీ, మనిషి పట్టేంత పెద్ద ఫ్రిజ్జు, అంతే. ఇనప గోడలు, ఇనప అరలు, నెత్తిన గుర్రుమని తిరిగే ఫ్యాను. ఫోను లోపలికి తెస్తే చెమ్మ పట్టి పాడవుతుంది, పాడవకపోయినా సిగ్నలు రాదు, అందుకే బయట బల్ల మీద పెట్టి వచ్చింది. పెట్టేముందు చూసుకుంది. అక్క మెసేజి. హాస్పిటల్‌కి వచ్చేశాం, పదిన్నరకి పిలుస్తారట, నువ్వు కంగారుపడకు. కంగారుపడకు అని చెప్పాల్సింది తను, చెప్పించుకున్నదీ తనే. ఇంకో ఇరవై నిమిషాల్లో అక్క ఒక గొట్టం మాత్ర మింగుతుంది. అందులోని రేడియోధార్మిక అయోడిన్ తిన్నగా గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథికి చేరి, దాన్ని లోపల్నుంచే కాల్చేస్తుంది. ఇక ఆ గ్రంథి ఉండదు. బతికినన్నాళ్ళూ రోజూ పొద్దున్నే ఒక మాత్ర వేసుకుంటే సరిపోతుందన్నాడు డాక్టరు. సరిపోతుంది అన్న మాట ఎంత తేలిగ్గా అన్నాడో. వెంట వెళ్ళాల్సింది. వస్తానని మాట కూడా ఇచ్చింది. కానీ బుడగలు ఇవాళే చేతికొచ్చాయి.

బుడగలంటే సబ్బు బుడగలు కావు. ఒంట్లో కణాలు తమ తోలులోంచే చిన్న చిన్న తిత్తులు చేసి బయటికి విదిలిస్తుంటాయి, పుస్తకాల్లో వాటిని వెసికిల్స్ అంటారు, ఆమె బుడగలనే అంటుంది. మూడు రోజులు డిష్‌లో పెంచిన కణాల మీది నీళ్ళు పోగుచేసి, వడకట్టి, మిషన్లో గిర్రున తిప్పి తిప్పి, చివరికి ట్యూబు అడుగున కనపడీ కనపడని మరకలా మిగిలితే అదే పంట. ఫ్రీజర్లో దాచుకుందామంటే గడ్డకట్టి కరిగేటప్పుడు పగులుతాయి. పగిలితే లోపలున్నవి బయటపడతాయి, అప్పుడిక ఏది పైనుందో ఏది లోపలుందో తేల్చేవాడు లేడు. తేలాల్సిందేమో అదే. ఒకానొక ప్రొటీను బుడగకి పైన ఉందా, లోపల ఉందా. రెండేళ్ళుగా ఇదే ప్రశ్న. నువ్వేం చేస్తావమ్మా అని ఎవరైనా అడిగితే, పైనుందా లోపలుందా అని చూస్తానండీ అంటుంది, వాళ్ళు పాపం ఇంకేమీ అడగరు. చూడడానికి సాధనం బయోటిన్. తయారై వచ్చే ఆ పొడికి ఒక చివర అంటుకునే చెయ్యి ఉంటుంది, ప్రొటీను తగిలిందా పట్టేసుకుంటుంది. రెండో చివర తలకాయలాగా బయోటిన్. బుడగ తోలు కొవ్వుతో చేసింది, దాన్ని దాటి ఇది లోపలికి పోలేదు, కాబట్టి పైనున్నవాటికే అంటుకుంటుంది, ఇంటికి బయటివైపు మాత్రమే సున్నం వేసినట్టు. ఆ తర్వాత పూసలు. కంటికానని పూసలు, బయోటిన్ తలకాయ తగిలితే పట్టుకుని ఇక చచ్చినా వదలవు. పూసల్ని కడిగి వాటికి చిక్కినవేమిటో చూస్తే, అవే పైనున్నవి. బయోటిన్ పొడిని ల్యాబులో అందరూ మందు అంటారు. మందు కలిపావా, మందు పాతబడింది, నిన్నటి మందు పనిచెయ్యలేదు. వరండాలో పోయేవాళ్ళు విని ఏమనుకుంటారో, ఇంత చదివిందీ ఇందుకేనా అనుకుంటారేమో. ట్యూబు తీసింది, తిప్పింది, పెట్టింది. ఇరవై ఆరు నిమిషాలు.

ఫ్యాను మోత ఆగి మళ్ళీ మొదలైంది, దూరంగా రైలు కదిలినట్టు. అక్క రైల్వే స్టేషన్లో అనౌన్సరు. దయచేసి వినండి అని మొదలవుతుందే, ఆ గొంతు అక్కది. రోజూ వేలమంది పెట్టెలు మోసుకుంటూ, పిల్లల్ని ఈడ్చుకుంటూ ఆ గొంతు చెప్పిన వైపు పరిగెత్తేవారు. మూడో నంబరు అంటే మూడో నంబరే, నిజమేనా అని ఎవరూ ఆగి అడిగేవారు కాదు. ఇంట్లోనూ అదే వరస. గ్యాసు అయిపోయినా, పాలు పొంగిపోయినా, దయచేసి వినండి అని ఎత్తుకుని అందరినీ నవ్వించేది. చిన్నప్పుడు అమ్మకి బట్టల మిల్లులో పొద్దుటి షిఫ్టు, తెల్లారకముందే వెళ్ళిపోయేది, జడలు వేసే పని అక్కది. వేయడమంటే అదొక యుద్ధం. మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, తల కదిపితే దువ్వెనతో ఒకటి వేసి, కనుబొమ్మలు పైకి లేచేంత బిగించి అల్లేది. ఎప్పుడూ ఆశ్చర్యపోయినట్టే ఉంటావేమ్మా అని బళ్ళో టీచరు ఒకసారి అడిగింది. సాయంత్రానికి కూడా ఒక్క వెంట్రుక జారేది కాదు. అక్క జడ అయితే పిడికిలికి పట్టేది కాదు, అలాంటి జుట్టు. ఎనిమిది నెలల కిందట దువ్వెనలో వెంట్రుకలు ఎక్కువొస్తున్నాయని అక్క దిగులుపడింది. నలభై దాటితే ఎవరికైనా రాలుతుంది, అందులో దిగులేముంది, కానీ అక్క దిగులుపడితే తను చూడగలదా, తనే షాపుకెళ్ళి ఒక సీసా తెచ్చింది. సీసా మీద ఆడమనిషి బొమ్మ, నడుం దాకా జుట్టు, పక్కన పెద్దక్షరాల్లో బయోటిన్. ఎంత నవ్వుకుందో. "మా ల్యాబు సరుకే అక్కా, రోజంతా నా తంటా దీంతోనే. ఇక నీ నెత్తికి కూడా అంటిస్తా," అంది. "అయితే నువ్వు బయోటినమ్మవే," అంది అక్క. ఆ రోజు నుంచి చెల్లెలు బయోటినమ్మ, సీసా చెల్లి బిళ్ళలు. చెల్లి బిళ్ళలు వేసుకున్నావా అని బావ గుర్తుచేసేవాడు. చెల్లి బిళ్ళలు అయిపోయాయే అని అక్క ఫోను చేసేది. తను కొత్త సీసా పట్టుకెళ్ళేది.

ఎక్కడ మొదలైంది ఇదంతా, ఆఫీసువాళ్ళు ఏటా చేయించే రక్తపరీక్షతో. అక్క బాగానే ఉంది. తింటోంది, నిద్రపోతోంది, బావతో పోట్లాడుతోంది. కాగితం మీదే బాగాలేదు. గ్రంథిని అదిలించే హార్మోను దాదాపు సున్నా, గ్రంథి చేసే హార్మోను ఆకాశంలో. అంటే గ్రంథి మితిమీరి పనిచేస్తోందని అర్థం అన్నాడు గ్రంథుల డాక్టరు. మంచివాడే, ఓపికస్తుడు, ఆయన్ని అనడానికేమీ లేదు. గుండెదడ ఉందా అని అడిగాడు, లేదంది అక్క. చేతులు వణుకుతున్నాయా, లేదు. బరువు తగ్గారా, అంత అదృష్టం కూడానా అంది అక్క, ఆయన కూడా నవ్వాడు. "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగాడు. "ఏం లేవండీ," అంది అక్క. పక్క కుర్చీలో ఉన్న తన వైపు చూశాడు. లేవండీ అని తనూ అంది. అప్పుడాయన మందు రాశాడు, గ్రంథిని నెమ్మది చేసే మందు. నెల తిరక్కుండానే అక్క నెమ్మదించింది. ముఖం ఉబ్బింది, కాళ్ళు బరువెక్కాయి, కూర్చున్నచోటే కునుకు, ఎండలో కూడా స్వెట్టరు. గొంతు బొంగురుపోయింది. మైకులో దయచేసి వినండి అంటుంటే జలుబు చేసిన మగమనిషి మాట్లాడినట్టుందని ప్రయాణికులు ఫిర్యాదు రాశారట. పదిహేనేళ్ళు స్టేషనంతా వినిపించిన మనిషిని తీసుకెళ్ళి, జనం మర్చిపోయిన సామాన్లు అప్పగించే గదిలో కూర్చోబెట్టారు. గొడుగులు, నీళ్ళ సీసాలు, ఒంటి చెప్పులు, వాటి మధ్య అక్క. నేను కూడా మర్చిపోయిన సామానేనే, ఎవరైనా వచ్చి ఆనవాళ్ళు చెబితే ఇచ్చేస్తారు, అని నవ్వింది. మళ్ళీ రక్తపరీక్ష, అంకెలు దిగలేదు. మోతాదు పెంచాడు. మళ్ళీ పరీక్ష, మళ్ళీ అంతే. ఈసారి జుట్టు గుప్పిళ్ళతో ఊడిరావడం మొదలైంది, దిండు మీద, సబ్బు మీద, తువ్వాలు మీద. తను ఇంకో సీసా తెచ్చి, ఇది ఎక్కువ పవరుది, ఒకటి కాదు రెండు వేసుకో అంది. నాలుగోసారి కూడా అంకెలు మొండికేస్తే, ఇక స్కాను కూడా అక్కర్లేదు, రక్తంలో అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి, గ్రంథిని కాల్చేద్దాం అన్నాడు డాక్టరు.

ఇరవై ఒకటి. తొడుగుల్లో వేళ్ళు మొద్దుబారాయి, అయినా ట్యూబు తిప్పింది. ఎదురుగా అరలో ఎవరిదో పాత డబ్బా, మీద పారేయకండి అని రాసి ఉంది, రాసిన మనిషి ఉద్యోగం మానేసి మూడేళ్ళయింది, పారేసే ధైర్యం ఎవరికీ లేదు. కాగితం మీద రాసుంటే చాలు, మనుషులు నమ్ముతారు. నాకేం లేదే అని అక్క ఎన్నిసార్లు అందో. మందు వేసుకోకముందు బాగానే ఉన్నానే, వేసుకున్నాకే ఇలా అయ్యానే. రోగులందరూ అనే మాటే కదా అనుకుంది తను. బావ ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్ల రీడింగు తీస్తాడు. ఇంత ఎలా తిరిగిందండీ, మేం వాడందే అని జనం గోలపెడితే పాతికేళ్ళుగా ఆయన చెప్పే జవాబు ఒకటే, మీటరు అబద్ధం ఆడదు. అక్క రిపోర్టు చూసి కూడా అదే అన్నాడు. తను ఇంకో మెట్టు పైకెక్కింది. మందు ఎగ్గొడుతున్నావా అని నిలదీసింది, లేకపోతే అంకెలెందుకు దిగవు అంది, అట్టలో మిగిలిన మాత్రలు చూసింది, చెత్తబుట్ట వెతికింది. ఒక ఆదివారం, తనకి జడలేసిన మనిషి ఎదురుగా నిలబడి, "నీ ఒంటికి తెలియకపోవచ్చక్కా, రక్తానికి తెలుస్తుంది. నేను చదువుకున్నది ఇదే," అంది. అక్క లోపలికి వెళ్ళింది. మాత్రల డబ్బా తెచ్చి చేతిలో పెట్టి, "రోజూ వచ్చి నువ్వే వెయ్యవే, నమ్మకం లేకపోతే," అంది. మాటవరసకి అన్నదనుకోలేదు తను, నిజంగానే వెళ్ళింది. నెల రోజులు పొద్దున్నే వెళ్ళి, మందు మింగించి, నోరు తెరిపించి నాలుక కింద కూడా చూసి, ఆ తర్వాత చెల్లి బిళ్ళలు రెండు తన చేత్తోనే అందించి, అప్పుడు ల్యాబుకి వచ్చేది. నోరు తెరిచినప్పుడు అక్క కళ్ళు మూసుకునేది. ఎందుకు మూసుకునేదో తను అడగలేదు, ఇప్పుడు మాత్రం ఆ మూసిన కళ్ళే కనిపిస్తున్నాయి.

వద్దు, పని చూసుకో. పదిహేడు. నోటుబుక్కులో టైము రాయాలి. పెన్ను రాయలేదు, చలికి సిరా బిగుసుకుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దింది. పోయినవారం కూడా ఇదే ప్రయోగం, ఇదే స్టూలు. పూసలకి ఏమీ చిక్కలేదు. ప్రొటీను పైన లేదు, సున్నా, అని రాసి తీసుకెళ్ళి గైడుకి చూపించింది. ఆయనకి ల్యాబులో అందరూ పెట్టిన పేరు కంట్రోలయ్య. ఏం చూపించినా, బంగారం తెచ్చి చూపించినా, "కంట్రోలు ఏదమ్మా?" అంటాడు. అంటే, నీ పరీక్ష సరిగ్గా ఉందనడానికి సాక్ష్యం ఏదీ అని. ఖచ్చితంగా పైనే ఉంటుందని లోకమంతా ఎరిగిన ప్రొటీను ఒకటుంది, అది చిక్కిందా అని అడిగాడు. చూడలేదు తను. నిన్న చూసింది. అదీ చిక్కలేదు. అదే లేదంటే ఇక బుడగల తప్పు కాదు, పూసలకే ఏదో అయింది. ఏమై ఉంటుంది? పూసలు కొత్తవే. మందు కొత్తదే. నిన్నటి నుంచి పంటిలో ఇరుక్కున్న పీచులా ఇది మనసులో ఆడుతూనే ఉంది, అక్కడ అక్క హాస్పిటల్లో కూర్చుని ఉంటే కూడా ఇదే ఆడుతోంది, ఎంత సిగ్గుమాలిన బుర్ర. పోయినవారం ఏం చేసింది? మందు పోసింది, అరగంట ఉంచింది, మిగిలిన మందు ఇంక దేనికీ అంటుకోకుండా గ్లైసిన్ కలిపింది. అది చేస్తే అంటుకునే చెయ్యి కట్టేసినట్టే. ఆ తర్వాత కడగాలి. డిష్‌లో పరుచుకున్న కణాలైతే పైన నీళ్ళు వంపేసి మూడుసార్లు కడిగితే చాలు. బుడగలు అడుగుకి దిగవు, పెద్ద మిషన్లో రెండు గంటలు తిప్పితే గానీ దిగవు, ఆ మిషనేమో ఆ రోజు పక్క ల్యాబువాళ్ళ చేతిలో ఉంది. పోనీలే, చెయ్యి కట్టేశాం కదా, ఇక ఏం చేస్తుంది అనుకుని తిన్నగా పూసలు కలిపేసింది. చెయ్యి కట్టేసింది సరే. తలకాయ? తలకాయ అలాగే ఉందిగా. పూసలు చూసేది తలకాయనే. అది ప్రొటీనుకి అంటుకున్నదా, ఊరికే నీళ్ళలో తిరుగుతున్నదా అని పూసలకేం పట్టింది? కోట్ల కొద్దీ ఖాళీ బయోటిన్లు వచ్చి పూసల మీద కూర్చున్నాయి, అసలైనవి వచ్చేసరికి చోటు లేదు, కడిగినప్పుడు అవి నీళ్ళతో పాటు కాలవలోకి పోయాయి. ప్రొటీను ఉంది. ఉన్నదానికే సున్నా వచ్చింది.

స్టూలు మీంచి లేచి నిలబడింది. నవ్వొచ్చింది, ఇంత చిన్న తప్పా అని, కంట్రోలయ్య గదికి ఇప్పుడే పరిగెత్తాలనిపించింది. రాసేద్దామని పెన్ను విదిలించింది. పెన్ను మీద చిన్నక్షరాల్లో ఏదో కంపెనీ పేరు, సగం చెరిగిపోయింది. ఎక్కడిది ఇది? రెండేళ్ళ కిందటి సదస్సులో, భోజనాల హాలు బయట బల్ల వేసుకుని కూర్చున్న ఒకాయన ఇచ్చాడు. హాస్పిటళ్ళకి రక్తపరీక్షల మిషన్లు అమ్మే మనిషి, ఎవరూ ఆయన బల్ల దగ్గర ఆగకపోతే జాలేసి తను ఆగింది. మీరేం చేస్తారండీ అన్నాడు. బయోటిన్, పూసలు అని చెప్పింది. ఆయన ముఖం చేటంత అయింది. "అయితే మనం చుట్టాలమే మేడమ్! మా మిషన్లో కూడా అవే పూసలు, అదే బయోటిన్. థైరాయిడ్ చూసినా మరొకటి చూసినా లోపల పట్టుకునేది అవే," అని చెప్పి పెన్ను చేతిలో పెట్టాడు. థైరాయిడ్ చూసినా. పెన్ను చేతిలోనే ఉంది. థైరాయిడ్ చూసినా మరొకటి చూసినా. నిన్న సాయంత్రం అక్క ఫోన్లో ఏమంది, ఈ గొట్టం మాత్ర కోసం వారం నుంచి డాక్టరు మందు ఆపమన్నాడు కదా, ఆపాక ఒళ్ళు తేలిగ్గా ఉందే, పొద్దున నాలుగు మెట్లు ఆయాసం లేకుండా ఎక్కానే అంది. మితిమీరిన గ్రంథి మందు ఆపితే ఇంకా మితిమీరాలి గానీ తేలికపడడమేమిటి అని తనకి తట్టలేదు, బాగా నిద్రపో, రేపు వెళ్ళాలిగా అని మాట మార్చేసింది. మరి చెల్లి బిళ్ళలు అని కూడా తనే అడిగింది, మానేస్తే జుట్టుకి మంచిది కాదని. వేసుకుంటున్నానే, వాటిని ఆపమనలేదుగా, అవి మందు కాదుగా అంది అక్క.

అవి మందు కాదుగా. ఇక్కడ రోజంతా మందు మందు అని తను పిలిచేదానికి తలకాయ ఏమిటో, అక్కడ అక్క నోట్లో తను వేసినదీ అదే, ఇక్కడ మందు, అక్కడ బిళ్ళ, డాక్టరు మందులేమైనా అని అడిగితే ఇద్దరూ లేవండీ అన్నారు, ఆ రోజు ఒళ్ళో ఉన్న చేతిసంచీలో కొత్త సీసా ఉంది, అక్కకి ఇద్దామని తెచ్చిన సీసా, సంచీ పైనే చెయ్యి వేసుకుని లేవండీ అంది. అక్క రక్తం నిండా ఖాళీ బయోటిన్. మిషన్లో పూసల మీద అవి వచ్చి కూర్చుంటే అసలైనవి ఎలా చిక్కుతాయి, ఒక పరీక్షలో ఏమీ చిక్కకపోతే సున్నా అని చూపిస్తుంది, రెండో పరీక్ష తిరగేసి లెక్కకట్టేది, అందులో ఏమీ చిక్కకపోతే బోలెడంత ఉందని చూపిస్తుంది, ఒకటి సున్నా, ఒకటి ఆకాశం, అచ్చం ఆ జబ్బు బొమ్మే. లేని జబ్బుకి మందు వేశారు, మందుకి అక్క నిజంగా జబ్బుపడింది, జబ్బుకి జుట్టు ఊడింది, జుట్టుకి తను బిళ్ళలు రెండింతలు చేసింది, బిళ్ళలకి అంకెలు దిగలేదు, అంకెలు దిగలేదని మందు పెరిగింది. గొంతు పోయింది. మైకు పోయింది. అక్క రక్తానికి కంట్రోలు ఏదమ్మా అని అడిగినవాళ్ళు లేరు. ఉంది కంట్రోలు, ఎదురుగానే ఉంది, నడుస్తూ తింటూ పోట్లాడుతూ నాకేం లేదే అని చెబుతూ ఉంది, దానికి నాలుక కింద వెతికింది తను. భయమేసింది. ఒళ్ళంతా పాకే భయం, ఈ చలికి సంబంధం లేనిది. అలవాటుగా ట్యూబు తీసి టైమరు చూసింది, పన్నెండు నిమిషాలు. అంటే పది ఇరవై ఎనిమిది. ఇనప తలుపుని భుజంతో తోసింది, తెరుచుకోలేదు, లాగాల్సిన తలుపు అది, రోజూ లాగే తలుపు, లాగింది.

బయటి వెచ్చదనం ముఖానికి కొట్టింది. కళ్ళజోడు మీద ఆవిరి కమ్మేసి ఏమీ కనిపించలేదు, బల్ల మీద తడుముకుని ఫోను అందుకుంది. తొడుగు వేసుకున్న వేలిని తెర ఒప్పుకోలేదు. పంటితో తొడుగు లాగేసింది. అక్క ఫోను స్విచాఫ్. మళ్ళీ చేసింది, మళ్ళీ స్విచాఫ్. బావకి చేసింది. ఒక రింగు, రెండు, నాలుగు. ఎత్తండి బావగారూ, ఎత్తండి, అని పైకే అంటోంది, పక్క బల్ల దగ్గర ఎవరో తలెత్తి చూశారు.

"ఆఁ అమ్మా," అన్నాడు బావ.

"అక్క ఏది?"

"లోపలికి తీసుకెళ్ళారమ్మా, ఇప్పుడే. నన్ను రావద్దన్నారు. నువ్వేం కంగారు..."

"ఆ మాత్ర వెయ్యనివ్వకండి. తలుపు కొట్టండి. ముందు ఆపండి బావగారూ, తర్వాత చెబుతాను."

"ఆపమంటే ఎలాగమ్మా? రిపోర్టులన్నీ నువ్వు కూడా చూశావుగా..."

"మీటరు అబద్ధం ఆడింది బావగారూ! మీటర్లో తప్పుంది. ఆ తప్పు నాది. పరిగెత్తండి!"

అవతల చెప్పుల మోత. బావ పరిగెత్తడం ఆమె జన్మలో చూడలేదు, ఇప్పుడు వింటోంది, నున్నని గచ్చు మీద టపటపమని, ఎవరినో రాసుకుని సారీ అంటూ, తలుపు మీద అరచేత్తో బాదుతూ. ఫోన్లు లోపలికి తేకూడదండీ అని ఒక ఆడగొంతు. ఒక్క నిమిషం తల్లీ, మా మరదలు, ల్యాబులో పెద్ద సైంటిస్టు, అని బావ రొప్పుతూ చెప్పడం. పెద్ద సైంటిస్టు. ఆ మాటకి ఆమె కళ్ళు మూసుకుంది. తలుపు తెరుచుకున్న చప్పుడు. మాటలు కలగాపులగమైపోయాయి, ఎవరు ఎవరితో ఏమంటున్నారో తెలియడం లేదు, ఫోను చెవికి అదుముకుంది. ఎంతసేపో. ఆ తర్వాత దగ్గరగా, బొంగురుగా, అక్క.

"ఏమైందే?"

"మింగేశావా?"

"గ్లాసు చేతికిచ్చారు. మాత్ర ఇంకా ఆ సీసం డబ్బాలోనే ఉంది. ఏమైందే, ఏడుస్తున్నావా?"

ఎలా చెప్పాలో అప్పటికే సర్దిపెట్టుకుంది, అలవాటైన పద్ధతిలో. ఇప్పుడే ఏదీ ఖాయంగా చెప్పలేం, కొన్నాళ్ళు బిళ్ళలు పూర్తిగా ఆపి, ఇంకో రకం మిషను మీద మళ్ళీ పరీక్ష చేయించాలి, డాక్టరుతో నేనే మాట్లాడతాను, అంతదాకా తొందరపడొద్దు. ఒక్కటీ నోటికి రాలేదు. ఎడమ గుప్పిట్లో ఏదో ఉందని అప్పుడు తెలిసింది. తెరిచి చూస్తే ట్యూబు. ఐసులో పెట్టడం మర్చిపోయి చేత్తోనే పట్టుకుని వచ్చేసింది. మూడు రోజుల పంట, వేళ్ళ వేడికి గోరువెచ్చగా అయిపోయింది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"అక్కా, నా బిళ్ళలక్కా. నేనిచ్చిన బిళ్ళలే. అవి రక్తంలో ఉండి పరీక్షని పాడుచేశాయి. డాక్టరు మందులేమైనా అని అడిగినప్పుడు మనం చెప్పలేదు, నేను చెప్పలేదు. నీకు అసలు... నీకేం లేదేమో అక్కా."

అవతల గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత అక్క గొంతు సవరించుకుంది, పూర్వం మైకు ముందు సవరించుకున్నట్టే, కానీ గొంతు తేటపడలేదు.

"ఆర్నెల్లుగా నేను చెప్తోంది అదేగా," అంది.